ఏఎస్‌పీ ఫ్లడింగ్‌లో స్కేల్ పట్టకుండా చూసుకోవడం ఎలా

ఆల్కలీ (క్షారం), సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం), పాలిమర్ (నీటిని చిక్కబరిచేది) మూడింటినీ నీళ్లలో కలిపి రిజర్వాయర్‌లోకి, అంటే చమురు ఉన్న రాతిపొరలోకి పంపి, మామూలు వాటర్‌ఫ్లడ్‌కు (ఉత్త నీళ్లు పంపి చమురును నెట్టడానికి) లొంగని చమురును రాబట్టడమే ఏఎస్‌పీ ఫ్లడింగ్. ఇందులో స్కేల్ (పైపుల్లో, పంపుల్లో రాయిలా పట్టే పెచ్చు) సమస్య ఒకటి కాదు, రెండు. మొదటిది ఇంజెక్షన్ వైపు, అంటే నీళ్లు లోపలికి పంపే వైపు వస్తుంది: మనం వాడే నీటిలోని కాల్షియం, మెగ్నీషియం ఆల్కలీ తగలగానే ట్యాంకులోనో లైన్లోనో గడ్డకడతాయి. రెండోది ఉత్పత్తి బావి దగ్గర, నెలలు గడిచాక మొదలవుతుంది: క్షార జలం అక్కడికి చేరి, ఇంకో పొర నుంచి వచ్చే హార్డ్ వాటర్‌తో (కాల్షియం, మెగ్నీషియం ఉన్న నీళ్లతో) కలుస్తుంది.

సాఫ్టెనర్ (నీటి నుంచి కాల్షియం, మెగ్నీషియం తీసేసే పరికరం) మొదటిదాన్ని మాత్రమే ఆపుతుంది. సాఫ్టెనర్ ఉంది కదా అని ఉత్పత్తి బావులను పట్టించుకోకపోతే పంపులు ఇరుక్కుపోవడం ఖాయం. అందుకే కింద రెండు వైపులనూ వేర్వేరుగా చెప్పాం.

ముందు లెక్క వేసుకోండి

ఒక శాతం సోడా యాష్ (సోడియం కార్బొనేట్) ద్రావణంలో లీటరుకు సుమారు 5,660 మి.గ్రా. కార్బొనేట్ ఉంటుంది. అంత కార్బొనేట్ ఉన్నచోట కాల్షియం కరిగి ఉండలేదు, దాదాపు అంతా కాల్షియం కార్బొనేట్‌గా దిగిపోతుంది. ఒక కిలో కాల్షియం రెండున్నర కిలోల కార్బొనేట్ అవుతుంది. లీటరుకు 100 మి.గ్రా. కాల్షియం ఉన్న నీళ్లు రోజుకు 1,000 ఘనపు మీటర్లు వాడితే, రోజుకు 250 కిలోల రాయి తయారవుతుందన్నమాట. అందులో కొంత ట్యాంకు అడుగున చేరుతుంది, మిగతాది ఇంజెక్షన్ బావి పెర్ఫొరేషన్లను (బావి గొట్టం నుంచి రాతిలోకి చేసిన రంధ్రాలను) మూస్తుంది. ఇంజెక్షన్ ప్రెషర్ పెరుగుతుంటే "పాలిమర్ చిక్కదనం వల్లే" అని సరిపెట్టుకోకండి. వెల్‌హెడ్ (బావి పైభాగం) దగ్గర నమూనా తీసి, 0.45 మైక్రాన్ ఫిల్టర్ మీద మిగిలినదానిపై రెండు చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయండి. బుసబుసా పొంగితే కారణం తెలిసినట్టే.

ఉత్పత్తి బావి వైపు లెక్క ఇంత సూటిగా ఉండదు. అక్కడ మూడు రకాల స్కేల్ కలిసి వస్తుంది: కాల్షియం కార్బొనేట్, మెగ్నీషియం సిలికేట్, ఆకారం లేని సిలికా. సిలికా ఎక్కడి నుంచి వస్తుంది? రాతి నుంచే. పీహెచ్ 12 దాటిన కాస్టిక్ సోడా (సోడియం హైడ్రాక్సైడ్) ద్రావణం క్వార్ట్జ్, కయోలినైట్, ఫెల్డ్‌స్పార్ ఖనిజాలను మెల్లగా కరిగించుకుంటూ వస్తుంది. పీహెచ్ ఎక్కువగా ఉన్నంతసేపు ఆ సిలికా కరిగే ఉంటుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆకారం లేని సిలికా పీహెచ్ 10.6లో లీటరుకు సుమారు 870 మి.గ్రా. కరిగితే, పీహెచ్ 10లో 310, పీహెచ్ 9లో 140 మాత్రమే కరుగుతుంది. అంటే క్షార జలానికి మామూలు నీళ్లు తగిలి పీహెచ్ ఒకటిన్నర పాయింట్లు పడితే చాలు, కరిగి ఉన్న సిలికాలో అధికభాగం గట్టిపడి దిగిపోతుంది. ఆ కలయిక జరిగేది సాధారణంగా పెర్ఫొరేషన్ల దగ్గర, పంపు ఇన్‌టేక్ దగ్గర.

నమూనా సరిగా తీయడం

ల్యాబ్ రిపోర్టు ఎంత అందంగా ఉన్నా నమూనా చెడితే మొదటికే మోసం. పీహెచ్, ఉష్ణోగ్రత, బైకార్బొనేట్ బావి దగ్గరే కొలవాలి. సీసాలో కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతే పీహెచ్ పెరుగుతుంది, కాల్షియం కార్బొనేట్ సీసా గోడకే అంటుకుంటుంది, ల్యాబ్‌కు చేరేసరికి కాల్షియం తక్కువ చూపిస్తుంది. లోహాల కోసం తీసే సీసాను వడకట్టిన వెంటనే నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కిందికి తేవాలి. పాలిమర్ ఉన్న నీళ్లు 0.45 మైక్రాన్ ఫిల్టర్‌ను వెంటనే మూసేస్తాయి. కాబట్టి ముందు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, తర్వాత వడకట్టండి.

సిలికా నమూనాను గాజు సీసాలో తీయకండి, ప్లాస్టిక్ వాడండి. తీసిన చోటే డీఅయనైజ్డ్ నీళ్లతో పదింతలు పలుచన చేయండి. లేకపోతే దారిలోనే సిలికా గొలుసులు కట్టేస్తుంది. ఇంకో సంగతి: మాలిబ్డేట్ రంగు పరీక్ష గొలుసులు కట్టని సిలికాను మాత్రమే చూపిస్తుంది. ఐసీపీ (ప్లాస్మాతో మూలకాలను కొలిచే ల్యాబ్ పరీక్ష) మొత్తం సిలికాన్‌ను చూపిస్తుంది. ఒకే నమూనా మీద రెండూ చేయించండి. రెండింటి మధ్య తేడా పెరుగుతుంటే సిలికా దిగడం మొదలైందని అర్థం.

రాయి, ఆల్కలీ

కోర్ నమూనాకు (రిజర్వాయర్ నుంచి కోసి తీసిన రాతికి) ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో ఖనిజాలను గుర్తించే పరీక్ష) చేయించకుండా ఆల్కలీ ఎంచుకోవద్దు. మొదట చూడాల్సింది జిప్సం, అన్‌హైడ్రైట్ (రెండూ కాల్షియం సల్ఫేట్ ఖనిజాలే). ఒక కిలో జిప్సం 0.62 కిలోల సోడా యాష్‌ను తినేసి, దాన్ని కాల్షియం కార్బొనేట్‌గా మార్చేస్తుంది. రాతిలో జిప్సం ఒక శాతం ఉన్నా, టన్ను రాతికి ఆరు కిలోలకు పైగా సోడా యాష్ వృథా. ఆ పరిస్థితిలో ఇన్‌హిబిటర్ (స్కేల్ పట్టకుండా వేసే మందు) గురించి ఆలోచించడం కంటే, ఈ రిజర్వాయర్‌కు ఆల్కలీ సరిపడదని ఒప్పుకోవడమే మేలు. క్లే (బంకమట్టి ఖనిజాలు) ఎక్కువగా ఉంటే దాని మీద పట్టి ఉన్న కాల్షియం కూడా సోడియంతో మార్పిడి జరిగి బయటికి వస్తుంది. కాబట్టి సాఫ్ట్ వాటర్ పంపినా దారిలో హార్డ్‌నెస్ పోగవుతుంది.

ఇక కాస్టిక్ సోడానా, సోడా యాషా? స్కేల్ వరకే చూస్తే సోడా యాషే. దాని పీహెచ్ 11 చుట్టుపక్కల ఉంటుంది, రాతిని కరిగించడం బాగా తక్కువ. చైనాలోని దాచింగ్ క్షేత్రంలో కాస్టిక్ సోడాతో చేసిన ఏఎస్‌పీ ఫ్లడింగ్‌లో ఉత్పత్తి బావుల పంపులకు సిలికేట్ స్కేల్ విపరీతంగా పట్టింది. అక్కడ తర్వాత బలహీన ఆల్కలీ వైపు మొగ్గడానికి అదొక ముఖ్య కారణం. సోడా యాష్‌తో కార్బొనేట్ స్కేల్ ఎక్కువే వస్తుంది, కానీ కార్బొనేట్ ఆమ్లానికి లొంగుతుంది. సిలికేట్ అంత తేలిగ్గా లొంగదు. రెండింటిలో ఏదో ఒకటి తప్పదనుకుంటే లొంగేదాన్నే ఎంచుకోండి.

సాఫ్టెనింగ్: ఇంజెక్షన్ వైపు అసలు పని

లక్ష్యం: ఆల్కలీ కలపబోయే నీటిలో మొత్తం హార్డ్‌నెస్ కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు 10 మి.గ్రా. మించకూడదు. 1–2 మి.గ్రా. లోపు ఉంచగలిగితే నిశ్చింత. లెక్క కట్టేటప్పుడు కాల్షియంను 2.5తో, మెగ్నీషియంను 4.1తో గుణించి కూడండి. మెగ్నీషియంను వదిలేసిన లెక్క పనికిరాదు, ఎందుకంటే తర్వాత సిలికేట్ చేసేది అదే.

రెసిన్ (కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని సోడియం వదిలే గింజలు) ఎంపిక నీటి మొత్తం లవణాలను బట్టి ఉంటుంది. లీటరుకు 5,000 మి.గ్రా. లోపు లవణాలున్న నీటికి బలమైన ఆమ్ల రకం రెసిన్ చాలు, ఉప్పు ద్రావణంతోనే తిరిగి శక్తి తెచ్చుకుంటుంది. లవణాలు అంతకంటే ఎక్కువైతే ఆ రెసిన్ మీద సోడియం ఒత్తిడి పెరిగి హార్డ్‌నెస్ లీకవుతుంది. అప్పుడు బలహీన ఆమ్ల రెసిన్ వాడాలి. దానికి రీజనరేషన్ (తిరిగి శక్తి తెప్పించడం) రెండు దశల్లో జరుగుతుంది: మొదట సుమారు 5 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం, తర్వాత సుమారు 4 శాతం కాస్టిక్. ఈ రెసిన్ హైడ్రోజన్ రూపం నుంచి సోడియం రూపానికి మారేటప్పుడు సగానికి పైగా ఉబ్బుతుంది. వెసెల్‌లో (రెసిన్ ఉండే పాత్రలో) పైన ఖాళీ వదలకుండా నింపితే రెసిన్ నలిగి పొడి అవుతుంది. ఇంకా ఉప్పగా ఉన్న నీటికి చీలేటింగ్ రెసిన్లు ఉన్నాయి. సముద్రపు నీటికైతే ముందు నానోఫిల్ట్రేషన్ పెట్టడం మంచిది. సల్ఫేట్ కూడా తగ్గుతుంది కాబట్టి బేరియం ఉన్న రిజర్వాయర్లో బేరైట్ (బేరియం సల్ఫేట్ స్కేల్) బెడద కూడా తప్పుతుంది.

వెసెల్ ఎంతసేపు నడుస్తుందో ముందే తెలుసుకోండి. బలమైన ఆమ్ల రెసిన్ పని సామర్థ్యం లీటరుకు ఒక ఈక్వివలెంట్ (అంటే 50 గ్రా. కాల్షియం కార్బొనేట్‌కు సమానం) అనుకుందాం. నీటి హార్డ్‌నెస్ 300 మి.గ్రా. అంటే ఘనపు మీటరుకు 6 ఈక్వివలెంట్లు. ఒక ఘనపు మీటరు రెసిన్ గట్టిగా లెక్కిస్తే 166 ఘనపు మీటర్ల నీటిని మెత్తబరుస్తుంది. కానీ 130 దగ్గరే రీజనరేషన్‌కు తీసేయండి. చివరిదాకా పిండుకోవాలని చూస్తే హార్డ్‌నెస్ ఒక్కసారిగా పైకి లేస్తుంది, అలారం మోగేలోపే అది ఆల్కలీ ట్యాంకులో ఉంటుంది.

వెసెళ్లను రెండేసి వరసగా పెట్టండి: మొదటిది బరువు మోస్తుంది, రెండోది మిగిలింది పడుతుంది. రెండింటి మధ్య ఒక ఆన్‌లైన్ హార్డ్‌నెస్ అనలైజర్, చివర ఇంకొకటి. మధ్యది 5 మి.గ్రా. చూపగానే మొదటి వెసెల్ మార్చాలి.

సాఫ్టెనర్‌కు వచ్చే నీళ్లలో చమురు 5 మి.గ్రా. లోపు, ఘనపదార్థాలు కూడా అంతే ఉండాలి. ఐరన్ ఒక మిల్లీగ్రాము దాటితే రెసిన్ ఎర్రబారి సామర్థ్యం పోతుంది. గాలి తగలకుండా నైట్రోజన్ బ్లాంకెట్ ఉంచితే ఐరన్ కరిగిన రూపంలోనే ఉంటుంది, పాలిమర్ కూడా చెడదు. పాలిమర్ ఉన్న ప్రొడ్యూస్డ్ వాటర్‌ను (చమురుతో పాటు పైకి వచ్చే నీటిని) తిరిగి వాడితే రెసిన్ గింజల మీద జిగురు పూత పడుతుంది. అలాంటప్పుడు బ్యాక్‌వాష్ (కింది నుంచి పైకి నీళ్లు పంపి కడగడం) విరామం తగ్గించండి.

ఇంత ఖర్చు పెట్టి సాఫ్టెనర్ కట్టాక కూడా హార్డ్‌నెస్ కనిపిస్తుంటే మొదట రెండు చోట్ల చూడండి. ఒకటి, సాఫ్టెనర్ బైపాస్ వాల్వ్. హార్డ్‌నెస్ 300 ఉన్న నీళ్లు ఒక్క శాతం లీకైనా 3 మి.గ్రా. కలిసినట్టే. ఆ చోట ఒంటి వాల్వ్ వద్దు. రెండు వాల్వులు, మధ్యలో బ్లీడ్ (లీకైన నీటిని బయటికి వదిలే చిన్న వాల్వ్) పెట్టండి. రెండు, పాలిమర్ మదర్ సొల్యూషన్ (తర్వాత పలుచన చేయడానికి ముందుగా చేసే చిక్కటి ద్రావణం) కలిపే నీళ్లు. చాలా ప్లాంట్లలో ఆల్కలీ లైనుకు సాఫ్ట్ వాటర్ ఇచ్చి, మదర్ సొల్యూషన్‌కు మాత్రం దగ్గర్లో ఉన్న ముడి నీటి లైను కలిపేస్తారు. 5,000 మి.గ్రా. మదర్ సొల్యూషన్‌ను పలుచన చేసి 1,000కి తెస్తే, మొత్తంలో ఐదో వంతు హార్డ్ వాటరే. ల్యాబ్ నీళ్లు, పంపు సీల్ ఫ్లష్ నీళ్లు, ట్యాంకు కడిగే నీళ్లు ఏ లైను నుంచి వస్తున్నాయో కూడా చూడండి.

కలిపే వరస: సాఫ్ట్ వాటర్, తర్వాత ఆల్కలీ, తర్వాత సర్ఫాక్టెంట్, చివర పాలిమర్. ఆల్కలీ కలిపాక పాలిమర్ కలిపేలోపు 5 మైక్రాన్ల కార్ట్రిడ్జ్ ఫిల్టర్ పెడితే, దిగిన కార్బొనేట్ అక్కడే చిక్కుతుంది. ఆ ఫిల్టర్ ఎన్ని రోజులకు మూసుకుంటోందన్నదే సాఫ్టెనర్ పనితీరుకు అసలైన కొలత.

రీజనరేషన్ వ్యర్థ జలం గురించి ఒక మాట. అందులో కాల్షియం దట్టంగా ఉంటుంది. దాన్ని ఆల్కలీ ట్యాంకు డ్రెయిన్‌తో కలిపితే ఆ పైపే రాయవుతుంది.

ఉత్పత్తి బావి: ఎప్పుడు మేల్కోవాలి

క్షార జలం రాకముందే ప్రతి బావికీ ఒక బేస్‌లైన్ రాసుకోండి: పీహెచ్, బైకార్బొనేట్, కార్బొనేట్, కాల్షియం, మెగ్నీషియం, సిలికాన్, పాలిమర్. ఇంజెక్షన్ మొదలైనప్పటి నుంచి వారానికోసారి, పీహెచ్ కదలగానే రోజూ చూడండి.

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. కాల్షియం 180 నుంచి 60కి దిగితే "నీళ్లు మెత్తబడ్డాయి, గండం గడిచింది" అనుకుంటారు. ఆ 120 మి.గ్రా. ఎక్కడికీ పోలేదు. అది నమూనా కుళాయికి చేరకముందే ఎక్కడో దిగిపోయింది. బావి రోజుకు 80 ఘనపు మీటర్ల నీళ్లు ఇస్తుంటే, 9.6 కిలోల కాల్షియం, అంటే 24 కిలోల కార్బొనేట్ రోజూ రిజర్వాయర్‌లోనో పెర్ఫొరేషన్లలోనో పంపులోనో చేరుతున్నట్టు. కాల్షియం పడిపోవడం, బైకార్బొనేట్ పెరగడం రెండూ కలిసి కనిపిస్తే అదే మొదటి గంట. అప్పటికి పీహెచ్ పాత విలువ కంటే అరపాయింటు కూడా పెరిగి ఉండకపోవచ్చు.

పీహెచ్ 8.5 దాటాక సిలికాన్ పెరగడం మొదలవుతుంది, మెగ్నీషియం తగ్గుతుంది. ఇది మిశ్రమ స్కేల్ కాలం. పీహెచ్ 10 దాటితే నీళ్లలో సిలికా పుష్కలంగా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. అంతా ప్రశాంతంగా కనిపిస్తుంది, కానీ ఏ చోట పలుచన జరిగినా అక్కడ సిలికా దిగుతుంది. ఈ దశలో బావిలోకి మామూలు నీళ్లు పంపి కడగడం వంటి పనులు పెట్టుకోవద్దు.

రెండు మూడు పొరల నుంచి ఒకేసారి తీసే బావుల్లో ప్రమాదం ఎక్కువ. ప్రొడక్షన్ లాగ్‌తో (బావిలోకి పరికరం దింపి చేసే కొలతతో) ఏ పొర క్షార జలం ఇస్తోందో తెలుసుకుని, వీలైతే ప్యాకర్‌తో (బావిలో పొరల మధ్య బిగించే రబ్బరు అడ్డుతో) వేరు చేయండి. ఒక పొరను మూయడం వల్ల పోయే చమురు కంటే నెలనెలా పంపు పైకి లాగడం వల్ల పోయేదే ఎక్కువగా ఉంటుంది.

పంపు వైపు సూచనలు: బీమ్ పంపుకు (రాడ్‌ను పైకీ కిందికీ ఆడించే పంపుకు) పైకి లాగే లోడ్ పెరగడం, రాడ్ కిందికి ఆలస్యంగా దిగడం, పీసీపీకి (రబ్బరు స్టేటర్‌లో మరలాంటి రోటర్ తిరిగే పంపుకు) టార్క్ మెల్లగా ఎక్కడం, ఈఎస్‌పీకి (బావిలో మునిగి ఉండే విద్యుత్ పంపుకు) ఉత్పత్తి తగ్గుతూ మోటారు వేడెక్కడం. ఇలాంటి బావిని ఆపాల్సి వస్తే వెంటనే మళ్లీ నడపండి. నిలిచిన ద్రవంలో సిలికా గట్టిపడితే రోటర్ మళ్లీ తిరగదు.

ఇన్‌హిబిటర్: ఏది, ఎంత, ఎక్కడ

నేస్ సంస్థ ప్రమాణమైన టీఎం0374 సీసా పరీక్షను ఉన్నదున్నట్టు చేసి ఇన్‌హిబిటర్‌ను ఎంచుకోకండి. 71 డిగ్రీల దగ్గర 24 గంటలు జరిగే ఆ పరీక్షలో వాడే ఉప్పునీళ్లకూ, పీహెచ్ 10 ఉన్న పాలిమర్ నీళ్లకూ పోలికే లేదు. మీ బావి పీహెచ్, ఉష్ణోగ్రత, సిలికా, మెగ్నీషియం, పాలిమర్ అన్నీ పెట్టి పరీక్షించండి. సీసా పరీక్షలో నెగ్గినవాటిని ఒక మిల్లీమీటరు లోవ్యాసం గల సన్నని ట్యూబ్‌లో ద్రవం పారించి చూడండి. ట్యూబ్ మూసుకోకుండా ఉంచే కనీస మోతాదు అక్కడ తేలుతుంది.

కార్బొనేట్‌కు డీటీపీఎంపీ వంటి ఫాస్ఫోనేట్లు బాగా పనిచేస్తాయి. కానీ పీహెచ్, కాల్షియం రెండూ ఎక్కువైన చోట ఫాస్ఫోనేటే కాల్షియంతో కలిసి తెల్లటి మడ్డిగా దిగుతుంది. మోతాదు పెంచుతున్నకొద్దీ నీళ్లు మసకబారుతుంటే అదే జరుగుతోందని అర్థం. సిలికేట్‌ను ఫాస్ఫోనేట్లు పెద్దగా ఆపలేవు. అక్కడ సల్ఫోనేట్ గుంపులున్న కోపాలిమర్లు కణాలను విడదీసి ఉంచుతాయి. సిలికా మీద పనిచేసే కాటయానిక్ పాలిమర్లు ఉన్నాయి కానీ, అవి మనం పంపిన హెచ్‌పీఏఎంతో (ఏఎస్‌పీలో వాడే పాలిమర్‌తో) కలిసి జిగురు ముద్దలు కడతాయి. వాటి జోలికి పోకండి. కాటయానిక్ కరోజన్ ఇన్‌హిబిటర్ విషయంలోనూ ఇదే జాగ్రత్త.

ఇంకో చిక్కు ఏమిటంటే, పాలిమర్ రకం ఇన్‌హిబిటర్ ఎంత మిగిలిందో హెచ్‌పీఏఎం ఉన్న నీళ్లలో కొలవడం కష్టం. ఫాస్ఫరస్ ట్యాగ్ ఉన్న కోపాలిమర్ తీసుకుంటే ఐసీపీతో పట్టుకోవచ్చు.

మామూలు వాటర్‌ఫ్లడ్‌లో 5–20 మి.గ్రా. చాలిన చోట ఇక్కడ 50–200 దాకా పెట్టాల్సి రావచ్చు. మోతాదు నీళ్ల మీద లెక్కిస్తారు, మొత్తం ద్రవం మీద కాదు. రోజుకు 80 ఘనపు మీటర్ల నీళ్లకు 100 మి.గ్రా. క్రియాశీల పదార్థం అంటే 8 కిలోలు. డ్రమ్ములో ఉన్నది 30 శాతమే అయితే సుమారు 27 కిలోల సరుకు కావాలి; సాంద్రత 1.2 అయితే రోజుకు 22 లీటర్లు. క్రియాశీల మోతాదుకూ, సరుకు మోతాదుకూ తేడా చూడకపోతే బావికి మూడో వంతు మందే అందుతుంది.

ఎక్కడ వేస్తున్నామన్నది మోతాదు కంటే ముఖ్యం. ఆన్యులస్ (బావి గొట్టానికీ లోపలి ట్యూబింగ్‌కూ మధ్య ఖాళీ) నుంచి వదిలితే మందు పంపు దాకానే చేరుతుంది, దాని కింద ఉన్న పెర్ఫొరేషన్లకు ఏ రక్షణా ఉండదు. క్యాపిలరీ ట్యూబ్‌ను నీళ్లు కలిసే చోటు కిందికి దింపండి. అడుగున చెక్ వాల్వ్ ఉండాలి. ట్యూబ్‌లో ఎప్పుడూ ప్రెషర్ నిలిచేలా చూడాలి, లేకపోతే మందు తనంతట తానే జారిపోయి ద్రావకం ఆవిరై లోపల జిగురుగా మిగులుతుంది.

పెర్ఫొరేషన్ల వెనక రాతిలోనే స్కేల్ పడుతుంటే స్క్వీజ్ (ఇన్‌హిబిటర్‌ను రాతిలోకే ఒత్తిడితో పంపడం) ఒక్కటే దారి. అయితే దాన్ని క్షార జలం రాకముందే చేయండి. పీహెచ్ పెరిగాక ఇసుకరాయి ఉపరితలానికి ఫాస్ఫోనేట్ సరిగా పట్టదు, ఎంత పంపినా త్వరగానే తిరిగి వచ్చేస్తుంది.

ఉపరితలంలో హీటర్లదే ప్రధాన సమస్య. వేడికి కార్బొనేట్, మెగ్నీషియం సిలికేట్ రెండూ ఇంకా తేలిగ్గా దిగుతాయి. క్షార బావుల ద్రవాన్ని, మామూలు బావుల ద్రవాన్ని హీటర్ దాటేదాకా వేర్వేరు లైన్లలో ఉంచండి.

అయినా పట్టిందంటే

పంపు పైకి తీసినప్పుడు పెచ్చును చెత్తలో పారేయకండి. జైలీన్‌తో చమురు కడిగి, ఆరబెట్టి, తూకం వేసి, ఆమ్లంలో వేయండి. కరిగిపోయింది కార్బొనేట్, మిగిలింది సిలికా, సిలికేట్, లేదా బేరైట్. ఎక్స్‌ఆర్‌డీ రిపోర్టు ఒక్కటే చూసి "అంతా కాల్సైటే" అనుకోవద్దు. ఆకారం లేని సిలికా అందులో చిన్న ఉబ్బులా మాత్రమే కనిపిస్తుంది, సగం బరువు ఉన్నా కంటపడదు. ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేలతో మూలకాలను కొలిచే పరీక్ష) కూడా చేయించండి. పెచ్చు మందంగా ఉంటే లోపలి పొర, బయటి పొర వేరుచేసి పంపండి. లోపల కార్బొనేట్, బయట సిలికా ఉంటే ఇన్‌హిబిటర్ మార్చే సమయం వచ్చినట్టు.

కార్బొనేట్‌కు 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చాలు, కరోజన్ ఇన్‌హిబిటర్‌తో. కానీ క్షార జలం నిండి ఉన్న బావిలోకి దాన్ని నేరుగా పంపకండి. పీహెచ్ ఒక్కసారిగా పడితే కరిగి ఉన్న సిలికా జెల్ అవుతుంది, పాలిమర్ కూడా ముద్దకడుతుంది. ముందు అమోనియం క్లోరైడ్ ద్రావణంతో బావిని ఖాళీ చేయించండి. సిలికేట్‌కు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉన్న మడ్ యాసిడ్ కావాలి. దానికి ముందు కార్బొనేట్ మొత్తం పోవాలి, లేకపోతే కాల్షియం ఫ్లోరైడ్ దిగుతుంది. సోడియం మిగిలి ఉంటే ఫ్లూయోసిలికేట్ దిగుతుంది. సోడా యాష్ ఫ్లడ్‌లో ఎటుచూసినా సోడియమే కాబట్టి స్పేసర్‌లో (ముందు పంపే అమోనియం క్లోరైడ్ ద్రావణంలో) పిసినారితనం వద్దు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఒంటి మీద పడితే ప్రాణాంతకం కావచ్చు. శిక్షణ పొందినవాళ్లు, కాల్షియం గ్లూకొనేట్ జెల్ దగ్గర ఉంటేనే ముట్టుకోవాలి.

పీసీపీ ఉన్న బావి అయితే ఆమ్లానికి ముందు రోటర్‌ను స్టేటర్ నుంచి పైకి లాగండి. రోటర్ మీది క్రోమ్ పూతను హైడ్రోక్లోరిక్ ఆమ్లం తినేస్తుంది. గరుకు తేలిన రోటర్‌ను తిరిగి దింపితే రబ్బరు చిరుగుతుంది, ఆ గరుకు మీద స్కేల్ మునుపటి కంటే త్వరగా పట్టుకుంటుంది.